మధ్యలో మిగిలిన గడ్డి

క్రితం వారం మనం మేస్త్రి ఫోన్ దగ్గర ఆగాం. "మేడమ్, ఒక దారి మధ్యలో తెగిపోయింది. మీరొచ్చి చూస్తే గాని నేను సున్నం పొయ్యలేను" అన్నాడతను.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళొస్తాను. నాలుగు బ్లాకుల కొత్త కాలనీ అది. నాలుగింటి మధ్యా పెద్ద ఖాళీ స్థలం. దాన్ని పార్కు చేసే పని మన కథలోని ఆమెది. కాలనీలో అందరూ ఆమెను పార్కమ్మ అంటారు. మొదట వెక్కిరింపుగా అన్నారు, ఇప్పుడు అలవాటుగా అంటున్నారు. ఆమె ఉండేదీ అక్కడే, ఒకటో బ్లాకులో, ఉడత అని అందరూ పిలిచే కూతురితో. భర్త లెక్కల మాస్టారు. ఆయన ఎదురుగా నాలుగో బ్లాకులో, తన తల్లితో ఉంటాడు. విడిపోయి ఏడాది దాటింది. పిల్లకి ఇద్దరూ దగ్గరలో ఉండాలని అంతదాకా మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

బిల్డర్ ఇచ్చిన ప్లానులో దారులు స్కేలు పెట్టి గీసినవి. పార్కమ్మ వాటిని పక్కన పెట్టేసింది. "ముందు గడ్డి వేద్దాం. ఒక వానాకాలం మీ ఇష్టం వచ్చినట్టు నడవండి. మీ పాదాల కింద గడ్డి ఎక్కడ చస్తుందో అక్కడే రాళ్ళు పరుస్తాను. నా సొంతానికి ఒక్క గీత కూడా కలపను" అని మీటింగులో అందరి ముందూ మాటిచ్చింది. "దయచేసి గడ్డి మీద నడవండి" అని బోర్డు కూడా పెట్టించింది. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్న వాళ్ళున్నారు.

వానాకాలం అయిపోయింది. సోమవారం పొద్దున దారుల మీద సున్నం పోసి గుర్తు పెట్టాలి. మేస్త్రి ఫోన్ వచ్చింది ఆదివారం పొద్దున.

*

ఆమె వెళ్ళేసరికి మేస్త్రి మొద్దు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. స్థలం చదును చేసేటప్పుడు బయటపడిన పాత చెట్టు మొద్దు అది. లారీలో వేసి పంపేద్దామన్నారు. ఆమె దాన్ని అడ్డంగా దొర్లించి, పైన కాస్త చెక్కించి, కూర్చోవడానికి ఉంచేసింది. కొత్త బెంచీలన్నిటికన్నా దానికే గిరాకీ.

"రండి మేడమ్" అని లేచాడు మేస్త్రి. "వానాకాలమంతా నాకిక్కడ పని లేదు కదా, ఏం జరిగిందో నాకు తెలీదు. మీరే చెప్పాలి. గేటుకి పోయే దారి బాగుంది. షాపుకి పోయే దారి బాగుంది. స్కూలు బస్సు దగ్గరికి మూడు దారులు పడ్డాయి, మూడూ కలిసి ఒకటైపోయాయి, అదీ బాగుంది. ఇదిగో, దీంతోనే వచ్చింది తంటా."

ఆమె చూసింది. ఒకటో బ్లాకు మెట్ల దగ్గర బయలుదేరి ఒక సన్నటి మట్టి దారి పార్కు మధ్యకి వచ్చింది. నాలుగో బ్లాకు మెట్ల దగ్గర్నుంచి ఇంకొకటి, మొద్దు పక్కగా, దానికి ఎదురు వచ్చింది. రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకునేంత దూరంలో ఆగిపోయాయి. మధ్యలో గడ్డి పచ్చగా, ఎత్తుగా, ఎవరూ ముట్టనట్టు ఉంది.

"మాట పట్టింపున్న వియ్యపురాళ్ళలాగా లేవూ?" అన్నాడు మేస్త్రి. "ఇంతదూరం వచ్చారు. పలకరించుకోకుండా వెళ్ళిపోయారు."

"కుక్కలేమో."

"కుక్కలైతే వంకర టింకరగా పోతాయి మేడమ్. ఇది మనిషి నడక. తిన్నగా వచ్చి ఆగింది. నాకు తోచిందొకటే. ఇక్కడికొచ్చి మనుషులు మాయమైపోతున్నారు."

సెక్రటరీ గారు కాన్వాసు బూట్లతో అటే వస్తున్నారు. రిటైరయ్యాక ఆయనకి కాలనీయే ఆఫీసు. దొరికిన మనిషిని నిలబెట్టి మాట్లాడటం ఆయనకిష్టం. అందుకే ఆయన కూర్చునే బెంచీ దగ్గర దారులన్నీ కాస్త పక్కకి వంగి వెళ్ళాయి. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

"అమ్మా, నా బెంచీ దగ్గర ఆ వంపేంటమ్మా, అంత వింతగా?" అన్నారాయన వస్తూనే.

"అక్కడ నేల కొంచెం వాలుగా ఉందండీ."

"అవునా! నాకు తెలియనే లేదు సుమా." ఆయన తృప్తిపడి ఈ రెండు దారుల వైపు తిరిగారు. "దీనికేముంది? మధ్యలో నాలుగు రాళ్ళు వేస్తే కలిసిపోతుంది."

"మధ్యలో ఎవరూ నడవలేదండీ."

"నడవకుండా ఇక్కడిదాకా ఎందుకొచ్చారు?"

"వచ్చారు. దాటలేదు."

"చూడమ్మా, ఇక్కడ మీరు సొంతంగా ఒక్క గీత కలిపితే, రేపు ప్రతి ఇంటివాళ్ళూ తలా ఒక గీత అడుగుతారు. అప్పుడు బిల్డరు ప్లానే నయమనాల్సి వస్తుంది. కలపకపోతే, ఇదేం పార్కు, తెగిన దారులేంటని అడుగుతారు. అసలెవరమ్మా, రోజూ ఇక్కడిదాకా వచ్చి దాటని ఆ మహానుభావులు?"

"తెలీదండీ" అందామనుకుంది. అప్పటికే ఆమె దారి చివరికి వచ్చి నిలబడి ఉంది. దారి చివర గడ్డి పూర్తిగా పోయి, పళ్ళెమంత మేర నేల నున్నగా ఉంది. ఎవరో అక్కడ నడవడమే కాదు, నిలబడ్డారు. రోజూ చాలాసేపు నిలబడ్డారు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డారు. ఆమె పాదాలు రెండూ ఆ నున్నటి నేలలో, అచ్చులో పోసినట్టు, సరిగ్గా కుదిరాయి. ఆమె ముఖం దానంతటదే నాలుగో బ్లాకు వైపు తిరిగింది.

అప్పుడర్థమైంది.

స్కూలు బస్సు దిగాక ఉడత కాసేపు నాన్న దగ్గర, నాన్నమ్మ దగ్గర ఉంటుంది. అప్పుడోసారి పార్కమ్మ సైటు పని వదిలి వచ్చి, పిల్లని ఇక్కడిదాకా తెచ్చి వదిలిపెడుతుంది. పొద్దుగూకే వేళకి మాస్టారు తెచ్చి వదిలిపెడతాడు. మొదటి రోజు ఇద్దరూ ఇంత దూరంలో ఎందుకు ఆగారో ఎవరికీ గుర్తు లేదు. ఆ తర్వాత అదే పద్ధతైపోయింది. ఒకరు ఇటు, ఒకరు అటు. మధ్యలో ఉడత. పిల్ల ఏ రోజూ ఒకేచోట దాటేది కాదు. ఓ రోజు గెంతేది, ఓ రోజు గుండ్రంగా తిరిగేది, ఓ రోజు కళ్ళు మూసుకుని వచ్చేది. గడ్డికి ఆ పాదాలు తగిలినట్టే ఉండేది కాదు.

కాలనీలో ఎవరు ఎటు నడిచారో పార్కమ్మ నెలల తరబడి చూస్తూ తిరిగింది. తన కాళ్ళకేసి మాత్రం చూసుకోలేదు.

సెక్రటరీ గారు ఆమె పాదాల వైపు చూశారు. తర్వాత నాలుగో బ్లాకు వైపు చూశారు. ఆయన దగ్గర మాటలు అయిపోవడం కాలనీలో అదే మొదటిసారి.

"సరేనమ్మా. రేపు చూద్దాంలే" అని మెల్లిగా వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ తన బెంచీ దగ్గర నేల వాలుని కాలితో నొక్కి చూసుకున్నారు.

ఆమెకి ఏమనిపించిందని అడిగితే, ఏమీ అనిపించలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఉన్నట్టే ఉంటుంది గాని తాకితే తెలియదు. ఆమెకి ఒళ్ళంతా అలా ఉండబట్టి చాలాకాలమైంది.

"పొయ్యమంటారా మేడమ్, వద్దా?" అన్నాడు మేస్త్రి.

"రేపు చెప్తాను."

*

పొద్దుగూకింది. ఆమె తన చివర నిలబడింది. మాస్టారు ఉడతతో తన చివరకి వచ్చాడు. వాళ్ళ వెనక అత్తగారు వచ్చి, ఎప్పటిలాగే మొద్దు మీద, ఎప్పటిలాగే ఇటు వీపు పెట్టి కూర్చుంది. ఏడాదిగా ఆవిడ ముఖం కన్నా వీపే ఎక్కువ చూసింది పార్కమ్మ.

ఉడత పరిగెత్తబోయింది. మాస్టారు భుజం పట్టుకుని ఆపాడు.

"ఒక్క నిమిషం. మాట్లాడాలి."

"చెప్పండి" అంది ఆమె.

అతను నవ్వబోయి మానేశాడు. కాపురంలో ఉన్నన్నాళ్ళూ ఆమె అతన్ని నువ్వు అనే అంది. విడిపోయిన మర్నాటి నుంచి మీరు అంటోంది. ఇంత గౌరవం పెళ్ళిలో కూడా దొరకలేదు అని అతను ఒకసారి ఎవరితోనో అన్నాడట.

"ఉడతా, నాన్నమ్మ దగ్గరికి వెళ్ళు."

"నేను వినట్లేదు" అని ఉడత రెండు దారుల మధ్యకి వచ్చి, గడ్డిలో చతికిలబడి, గడ్డి పీకడం మొదలుపెట్టింది.

మాస్టారు పిల్ల తల మీదుగా మాట్లాడాడు. "మా స్కూలు వాళ్ళు ఇంకో ఊళ్ళో బ్రాంచి పెడుతున్నారు. నన్ను ప్రిన్సిపాల్‌గా వెళ్ళమంటున్నారు. నెలాఖరుకి చేరాలి."

"మంచిది."

"అమ్మ కూడా వస్తుంది."

"ఊఁ."

"ఉడతని తీసుకెళ్దామనుకుంటున్నాను."

మొద్దు మీద వీపు కదల్లేదు. ఉడత చేతిలో గడ్డి వేర్లతో సహా టప్పున ఊడింది.

"ఆలోచించే అంటున్నాను" అన్నాడతను. క్లాసులో బోర్డు మీద ఒక్కో మెట్టూ రాస్తున్నట్టు నిదానంగా చెప్పుకుపోయాడు. "నీకు పొద్దున్నే సైటు, చీకటి పడేదాకా సైటు. ఇన్నాళ్ళూ బడి అయ్యాక అమ్మ చూసుకుంది. మేమిద్దరం వెళ్ళిపోతే ఇక్కడ ఎవరు చూస్తారు? తాళం చెవి మెళ్ళో వేసుకుని తిరుగుతుందా? అక్కడైతే అది వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉంటుంది. నువ్వు సెలవలకి రా. ఎన్నిసార్లయినా రా. నేను పోట్లాడి తీసుకెళ్ళడం లేదు. అడుగుతున్నాను."

"ఊఁ" అంది ఆమె.

"ఊఁ ఏంటి?"

ఆమె పిల్ల చేతిలోని గడ్డి వైపు చూసింది.

"ఊఁ ఏంటి? కేకలెయ్యి. తిట్టు. కాలర్ పట్టుకో. పిల్లని తీసుకెళ్తానంటే కూడా నీకు ఊఁ యేనా?" అతని గొంతు పెరిగింది. రెండో బ్లాకు బాల్కనీలో బట్టలు తీస్తున్న ఒకావిడ చేతులు నెమ్మదించాయి. "మీ అమ్మ పోయిన రోజు కూడా ఇంతే. వచ్చావు, స్నానం చేశావు, బల్ల ముందు కూర్చున్నావు. ఎక్కడ ఏ మొక్క పెట్టాలో గీసుకుంటూ కూర్చున్నావు. ఆ రాత్రంతా మేల్కొని నీ కోసం ఏడ్చింది నేను."

అది నిజమే. అతను ఏడ్చాడు. అత్తగారు కూడా ఏడ్చింది. ఆమెకి ఏడుపు రాలేదు. వస్తుందని ఎదురు చూసింది కూడా. వారం గడిచాక, వంటింట్లో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ అత్తగారు అంది: "అది మనిషి కాదు. మొద్దు. కన్నతల్లి పోతే కంట నీరు లేదు." పక్కనే మాస్టారు మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు గాని మాట్లాడలేదు. ఆమె గుమ్మంలోనే ఉంది. అత్తగారి మాట కొన్నాళ్ళకి మరిచిపోగలిగేదేమో. గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

"దాన్ని అడగండి" అంది ఆమె చివరికి.

"నన్నేమీ అడగొద్దు" అంది ఉడత తలెత్తకుండా. "నేను వినట్లేదని ముందే చెప్పాను కదా."

మాస్టారు ముఖం తుడుచుకున్నాడు. "రేపు పొద్దున చెప్పు. అక్కడి స్కూల్లో సీటు సంగతి రేపు చెప్పాలి నేను."

"రేపు పొద్దున దారులు గీస్తున్నాను."

"సరే. అక్కడికే వస్తాను. అందరి దారులతో పాటు నాదీ తేల్చేయ్."

అతను వెనక్కి తిరిగాడు. అత్తగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. ఒక్కసారి ఇటు చూసింది. ఉడత పీకిన గడ్డినీ, బోడిగా కనిపిస్తున్న ఆ గుప్పెడు నేలనీ చూసింది. తర్వాత కొడుకు వెనకే నడిచింది.

ఇంటికొచ్చాక ఉడత చేతులు కడుగుతుంటే సబ్బు నురగ కూడా పచ్చగా వచ్చింది.

"అమ్మా, రేపు మన దారి వెయ్యవా?"

"మధ్యలో ఎవరూ నడవలేదుగా."

"నేను నడిచాను. రోజూ."

"నువ్వు నడిస్తే గడ్డి చావదు ఉడతా. నీ బరువెంత!"

"బూట్లు వేసుకుని గట్టిగా నడిస్తే?"

"ఇంక టైము లేదమ్మా."

ఉడత కాసేపు గోళ్ళలో మట్టి చూసుకుంది. "పెద్దవాళ్ళు నడిస్తే తొందరగా చస్తుందా?"

"చస్తుంది."

"మరి మీరిద్దరూ నడవచ్చు కదా" అని చేతులు తన గౌనుకే తుడుచుకుని వెళ్ళిపోయింది.

పార్కమ్మ కుళాయి కట్టడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడింది. పిల్ల వెళ్ళిపోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయింది. తువ్వాలు ఎక్కడుంటుంది, బూట్లు ఎక్కడుంటాయి, అన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి, ప్లాను గీస్తున్నట్టే. ఏదీ ఎక్కడా నొప్పి పుట్టించలేదు. అది చూసే ఆమెకి భయమేసింది. భయం కూడా దూరంగా, ఎవరిదో అన్నట్టు ఉంది.

*

సోమవారం పొద్దున కాలనీ సగం పార్కులోనే ఉంది. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు బ్యాగులతో నిలబడ్డారు. నడక వాళ్ళు నడక మానేసి నిలబడ్డారు. మేస్త్రి సున్నం బొచ్చె చంకన పెట్టుకుని, గుప్పిట్లోంచి సన్నగా జార్చుకుంటూ వెళ్తుంటే, తెల్లటి గీతలు ఒక్కొక్కటే లేచాయి. "ఇది మా దారి!" అని ఒకరు, "మేమింత వంకరగా నడుస్తామా!" అని ఇంకొకరు నవ్వుకున్నారు. మొక్కల చుట్టూ, వాన నీళ్ళు ఇంకే గుంట పక్కగా, ఎవరూ గీయని ఒక బొమ్మ నేల మీద కనిపించసాగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పార్కమ్మ తలూపింది. ఉడత యూనిఫారంలో, అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. రెండు జడల్లో ఒకటి అప్పుడే ఊడిపోతోంది.

చివరికి ఆ రెండు దారులే మిగిలాయి.

"మేడమ్!" మేస్త్రి గొంతు మారింది. "ఇదేంటిది?"

నిన్న పచ్చగా ఉన్న మధ్య భాగంలో, ఈ చివర నుంచి ఆ చివర దాకా, అడుగు పట్టేంత వెడల్పున గడ్డి లేదు. మట్టి తేమగా, కొత్తగా బయటపడి ఉంది.

మేస్త్రి వంగి వేలితో తడిమాడు. "ఇది కాళ్ళ పని కాదు. చేతుల పని. ఎవరో పీకారు. మరి మీ మాట ప్రకారం ఇది దారేనా, కాదా? మీరు చెప్పండి, నేను పోస్తాను."

సెక్రటరీ గారు కూడా వంగి చూశారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. మధ్యలో గుప్పెడు మేర చిందరవందరగా ఉంది. అది నిన్న ఉడత పీకింది. దానికి అటూ ఇటూ ఉన్నది వేరు. అక్కడ పీకిన గడ్డిని పారెయ్యలేదు. వేర్లకున్న మట్టి దులిపి, తలలన్నీ ఒకవైపుకి వచ్చేలా సర్ది, చిన్న చిన్న కట్టలుగా దారి పక్కన పేర్చి పెట్టారు. ఆకుకూర బాగు చేసినట్టు. అలా పేర్చే చేతుల్ని ఆమె ఒకే ఒక వంటింట్లో చూసింది.

తలెత్తి మొద్దు వైపు చూసింది. అత్తగారు దాని మీద కూర్చుని ఉంది. ఈసారి వీపు కాదు, ముఖం ఇటు ఉంది. ఒళ్ళో పెట్టుకున్న చేతుల గోళ్ళ నిండా మట్టి.

ఆవిడ నడుం పట్టుకుని లేచింది. కొడుకు రోజూ నిలబడే చోటికి వచ్చి నిలబడింది.

"అమ్మాయ్" అంది.

ఏడాది తర్వాత ఆ పిలుపు.

"అత్తయ్యా."

"తెల్లారకముందే వచ్చాను. నడుం పట్టేసింది. ఎంత మొండి గడ్డి వేశావమ్మా, ఊడి చావదు."

"మంచి గడ్డంటే అదేనండీ" అన్నాడు మేస్త్రి.

"నువ్వుండు నాయనా." ఆవిడ చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూసింది. విననీ అనుకున్నట్టుంది. "నిన్న వాడు నీతో ఒక మాటన్నాడు. అమ్మ కూడా వస్తుంది అన్నాడు. ఆ మాట వాడన్నాడు. నేననలేదు. నన్నెవరూ అడగలేదు."

పార్కమ్మ మెల్లిగా లేచి, తను రోజూ నిలబడే చివరకి వచ్చి నిలబడింది.

"నేను వెళ్ళకపోతే వాడు పిల్లని తీసుకెళ్ళలేడు. ఎవరి మీద వదిలి బడికి పోతాడు? వాడికి లెక్కలొచ్చు గాని జడ వెయ్యడం రాదు." ఆవిడ చూపు ఉడత ఊడిన జడ మీద పడింది. "నీకూ అంతంతమాత్రమే అనుకో."

ఎవరో నవ్వి ఆపుకున్నారు.

"నిన్ను మొద్దన్నాను. అన్నాను, లేదనను. ఆ మాట నీ చెవిన పడిందని కూడా నాకు తెలుసు." ఆవిడ వెనక్కి చెయ్యి చూపించింది. "ఇక్కడ ఇన్ని బెంచీలు వేయించావు. ఆనుకోవడానికి వీపున్న బెంచీలు. ఇన్నాళ్ళూ నేను రోజూ ఆ మొద్దు మీదే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నువ్వు అర్థం చేసుకుంటే చేసుకో, లేకపోతే లేదు. నాకు మాటలతో చెప్పడం రాదు. మాటలతో చేసిందే ఇదంతా."

సెక్రటరీ గారు సున్నం గీతల వైపు ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

"ఇప్పుడడుగుతున్నాను" అంది అత్తగారు. పైకి పోట్లాటకి వచ్చినట్టే ఉంది. "నీ ఇంట్లో ఒక మనిషికి చోటుందా?"

పార్కమ్మ నోరు తెరిచింది. ఉందని చెప్పాలో లేదని చెప్పాలో కాదు. అసలు ఎలా చెప్పాలో తెలియలేదు. కొడుకుని వదిలి ఈవిడ వస్తుందా? తల్లిని కూడా పోగొట్టుకుని అతనొక్కడే ఆ ఊరు వెళ్తాడా? ఒక తెగిన దారి కలవడానికి ఇంకొకటి తెగాలా?

"కాళ్ళతో నడిస్తేనే దారన్నావుటగా" అంది అత్తగారు. "చూడు మరి." చెప్పులతోనే ఆ మట్టి మీద అడుగు వేసింది. ఒకటి, ఇంకొకటి. నడిమధ్యకి వచ్చి ఆగింది. మిగతా సగం నీదన్నట్టు నిలబడింది.

అప్పుడే నాలుగో బ్లాకు మెట్ల మీద నుంచి మాస్టారు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు. జవాబు వినడానికి వచ్చిన మనిషి. జనాన్ని చూశాడు. తన దారి చూశాడు. దాని చివర ఎవరూ లేరు. తల్లి అవతలికి, గడ్డిలోకి వెళ్ళిపోయి ఉంది.

"అమ్మా" అన్నాడు. "అక్కడేం చేస్తున్నావు?"

అత్తగారు వెనక్కి తిరగలేదు. "తొందరగా చెప్పమ్మాయ్. వాడి ముఖం చూస్తే నేనీ మాట మీద నిలబడలేను."

అతనికి అర్థమైంది. లెక్క పూర్తిగా విప్పకుండానే జవాబు కనిపించిన వాడిలా ఒక్క క్షణం నిలబడ్డాడు. అరవలేదు. ఇటు రాలేదు. తల ఒకసారి ఆడించి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడవడం మొదలుపెట్టాడు.

పార్కమ్మ చేతిలోంచి చిన్న చెయ్యి జారిపోయింది.

"నాన్నా!"

ఉడత పరిగెత్తింది. గెంతలేదు, గుండ్రంగా తిరగలేదు. పీకిన మట్టి మీదే, తిన్నగా, దారి మీద పరిగెత్తినట్టే పరిగెత్తింది. నాన్నమ్మ చాచిన చేతిని తప్పించుకుని, పక్కగా దూసుకుపోయింది. ఊడిన జడ రిబ్బను దారి మధ్యలో పడిపోయింది.

"ఉడతా!"

ఆ కేక ఎవరిదని అందరూ చూశారు. పార్కమ్మకి కూడా తన గొంతని వెంటనే తెలియలేదు. కిందికి చూసింది. ఒక చెప్పు ఆ నున్నటి నేలలోనే, రోజూ నిలబడే చోటే ఉండిపోయింది. చెప్పు లేని కాలు మాత్రం ముందుకి పడి ఉంది. పీకి ఉన్న మట్టి మీద కాదు. పక్కనున్న గడ్డిలో.

"మేడమ్" అన్నాడు మేస్త్రి మెల్లిగా, గుప్పిట్లో సున్నం పట్టుకుని. "పొయ్యమంటారా?"

గడ్డి చల్లగా ఉంది. ఆ చలి ఆమె కాలికి తెలిసింది.